అండమానా, లక్షద్వీపా, మాల్దీవులా? హైదరాబాదు నుంచి దీవికి బయలుదేరే ముందు

దీవికి వెళ్దామనుకున్న కుటుంబం సాధారణంగా ముందు ఫోటోలు చూస్తుంది, ఆ తర్వాత విమానం టికెట్ ధర చూస్తుంది. అనుమతి సంగతి టికెట్లు కొన్నాక, ఎవరో బంధువు అడిగితే గుర్తొస్తుంది. లక్షద్వీప్ విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. చేతిలో టికెట్ ఉన్నా అనుమతి పత్రం లేకపోతే కొచ్చిలోనో బెంగళూరులోనో విమానం ఎక్కనివ్వరు. టికెట్ అమ్మే సైట్లు ఆ మాటను పెద్ద అక్షరాల్లో చెప్పవు.

హైదరాబాదు వాళ్లకు దీవి అంటే మూడు పేర్లే తడతాయి: అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు. నీలి నీళ్లు, తెల్ల ఇసుక, పగడపు దిబ్బలు మూడుచోట్లా ఉన్నాయి. ఫోటోల్లో ఏది ఏదో పోల్చుకోవడం కూడా కష్టమే. అసలు తేడా లోపల అడుగుపెట్టే పద్ధతిలో ఉంది. అండమాన్‌కు ఆధార్ కార్డు చాలు. లక్షద్వీప్ మన దేశంలోనిదే అయినా ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. మాల్దీవులు పరాయి దేశం, అయినా వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు. కాగితాల లెక్కన చూస్తే మనకు లక్షద్వీప్ రాజధాని కవరత్తి కంటే మాల్దీవుల రాజధాని మాలేనే దగ్గర.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ఫోటోలు చూడను. ఎన్ని రోజుల సెలవుంది, బయలుదేరడానికి ఇంకా ఎంత వ్యవధి ఉంది, వచ్చేవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లెవరు, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. ఈ నాలుగింటికీ జవాబులు వస్తే చాలాసార్లు దీవి దానంతటదే తేలిపోతుంది.

అండమాన్: కాగితాల బాధ లేదు, పడవల బాధ ఉంది

శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. రెండున్నర గంటల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. పాత పేరు ఇంకా వాడుకలోనే ఉంది కాబట్టి టికెట్ల కోసం వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ చూడండి. దీవుల పేర్లు అంతకుముందే, 2018 డిసెంబరులో మారాయి. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. ఒకే దీవిని రెండు పేర్లతో రెండు సైట్లలో చూసి, రెండు వేర్వేరు దీవులనుకుని రెండుచోట్లా గదులు తీసుకోకండి.

భారతీయులకు శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్, దిగ్లీపూర్ వంటి చోట్లకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. మొదటిసారి దీవికి వెళ్లే కుటుంబాలకు అండమాన్‌నే ముందు చెప్పడానికి ఇదొక కారణం. రెండో కారణం భాష. 2011 జనాభా లెక్కల్లో అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. ఆటో దగ్గరో కూరగాయల అంగడిలోనో తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. అమ్మమ్మకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే ఈ భాష ఎంత అక్కరకు వస్తుందో వేరే చెప్పాలా!

అయితే అండమాన్ మొత్తం తెరిచి ఉందనుకోకూడదు. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనావళి ఇప్పటికీ అమల్లో ఉంది. కార్ నికోబార్ వంటి గిరిజన ప్రాంతాలకు భారతీయులకైనా ప్రత్యేక పాస్ కావాలి, అదీ తగిన కారణం చూపిస్తేనే ఇస్తారు. విహారానికి వస్తున్నామంటే సరిపోదు. ఉత్తర సెంటినల్ దీవి దరిదాపులకు వెళ్లడమే నేరం. 2018 నవంబరులో దొంగచాటుగా అక్కడ దిగిన అమెరికన్ యువకుడు దీవివాసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. దగ్గరి దాకా పడవలో తీసుకెళ్తామని ఎవరైనా అంటే ఆ మనిషితో బేరం అక్కడితో ఆపేయండి.

మనవాళ్లు తరచు వెళ్లే బారాటాంగ్ సున్నపురాయి గుహల దారి జారవా అనే ఆదిమ తెగవారి రక్షిత ప్రాంతం గుండా పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ ఆగుతాయి, నిర్ణీత వేళల్లో పోలీసు కాపలాతో వరుసగా కదులుతాయి. మధ్యలో ఆగకూడదు, అద్దాలు దించకూడదు, ఫోటో తీయకూడదు, తినుబండారాలు విసరకూడదు. తొలి వరుస అందుకోవాలంటే అర్ధరాత్రి దాటాక లేవాలి. గుహలు బాగుంటాయి, కాదనను. కానీ ఆ దారిని 'జారవాలను చూపిస్తాం' అని అమ్మే ట్రావెల్స్ వాళ్ల దగ్గర మిగిలిన ప్రయాణం కూడా కొనవద్దన్నది నా మాట. మనుషులను జంతుప్రదర్శనశాలలోలాగా చూపించి సొమ్ము చేసుకునేవాడు మీ ముసలి తల్లిదండ్రులను మాత్రం జాగ్రత్తగా చూసుకుంటాడని నమ్మకం ఏమిటి?

అండమాన్‌లో తలనొప్పి దీవికీ దీవికీ మధ్య ప్రయాణంలో వస్తుంది. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ప్రైవేటు వేగనౌకలు రెండు గంటల లోపే చేరుస్తాయి. ప్రభుత్వ ఫెర్రీ ఇంకొంచెం నెమ్మది, ధర బాగా తక్కువ, టికెట్ దొరకడం కష్టం. దీవివాసుల అవసరమే ముందు, అది న్యాయం కూడా. కుటుంబంతో వెళ్లేవాళ్లు ప్రైవేటు నౌక టికెట్లు విమానం టికెట్లతోపాటే తీసుకోవడం మంచిది. విమానం దిగిన రోజే పడవ ఎక్కాలని చూడకండి. విమానం గంట ఆలస్యమైతే పడవ పోతుంది, పడవతోపాటు అక్కడి గది బాడుగ కూడా పోతుంది. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఆఖరి రాత్రి తప్పనిసరిగా శ్రీ విజయపురంలోనే ఉండాలి. 2016 డిసెంబరులో వాయుగుండం వచ్చి పడవలు ఆగిపోతే వందలమంది పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోయారు, నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. ఆ ఒక్క రాత్రి అద్దెను దండుగ ఖర్చనుకోకండి.

వేళల విషయం కూడా ముందే తెలిసి ఉండాలి. అండమాన్ మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. తెల్లవారుజామున అయిదింటికే వెలుతురు వస్తుంది, చలికాలంలో సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడుతుంది. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీసి బీచ్‌కు వెళ్దామనుకుంటే సూర్యుడు మీకోసం ఆగడు. సెల్యులార్ జైలు మ్యూజియానికి ఏ రోజు సెలవో ముందే కనుక్కుని, దాన్నిబట్టి రోజులు వేసుకోండి.

ఇక ఓడ. విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి ప్రయాణికుల ఓడ ఉంది. చెన్నై, కోల్‌కతాల నుంచి వెళ్లినన్నిసార్లు విశాఖ నుంచి వెళ్లదు, ఇంచుమించు నెలకోసారి అనుకోవచ్చు. ప్రయాణం రెండు రోజుల పైమాటే. బంక్ తరగతి అంటే పెద్ద హాలులో వరుసగా పడకలు, అంతకుమించిన సుఖం కావాలంటే క్యాబిన్ తీసుకోవాలి. సెలవు నాలుగు రోజులే ఉన్నవాళ్లు దీని గురించి ఆలోచించనే వద్దు. పది పన్నెండు రోజులు తీరిక ఉండి, సముద్రాన్ని నిజంగా చూడాలనుకునేవాళ్లు వెళ్లేటప్పుడు ఓడలో వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు విమానంలో రావచ్చు. రెండువైపులా ఓడే అంటే తిరుగు ఓడ తేదీ కోసం అక్కడ కాచుకుని కూర్చోవలసి వస్తుంది.

లక్షద్వీప్: ముందు అనుమతి, తర్వాతే అన్నీ

లక్షద్వీప్ మొత్తం భూభాగం 32 చదరపు కిలోమీటర్లు. మన నగరపాలక సంస్థ పాత పరిధే 650 చదరపు కిలోమీటర్లుండేది. ఆ కొద్ది నేల మీద 2011 లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు జనం ఉన్నారు, వాళ్లలో అత్యధికులు షెడ్యూల్డ్ తెగలవాళ్లు. మంచినీళ్లు పరిమితం. కూరగాయలు, బియ్యం, పెట్రోలు అన్నీ ప్రధాన భూభాగం నుంచి రావాలి. బయటివాళ్లు అనుమతితోనే రావాలన్న 1967 నాటి నిబంధనలకు మూలం ఇదే. ఈ లెక్కలు తెలిస్తే ఆ అనుమతి మనల్ని వేధించడానికి పెట్టింది కాదని అర్థమవుతుంది.

అనుమతి సంపాదించడానికి మూడు దారులున్నాయి. మీరు ఎంచుకోవలసింది నిజానికి దీవిని కాదు, ఈ మూడింటిలో ఒక దారిని.

మొదటిది ప్రభుత్వ పర్యాటక సంస్థ స్పోర్ట్స్ నడిపే ప్యాకేజీ. పేరు చూసి ఆటల సంస్థ అనుకోవద్దు, లక్షద్వీప్ పర్యాటకానికి అదే మూలస్తంభం. కొచ్చిలోని విల్లింగ్డన్ ఐలండ్‌లో దీని కార్యాలయం ఉంది. ప్యాకేజీ తీసుకున్నవారికి అనుమతి పని వాళ్లే చూస్తారు. వీటిలో పేరున్నది సముద్రం అనే అయిదు రోజుల ఓడ యాత్ర. రాత్రుళ్లు ఓడలోనే పడక, పగళ్లు దీవుల మీద. కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపిస్తారు. మినికాయ్‌లో భాష మలయాళం కాదు, మాల్దీవుల భాషకు దగ్గరగా ఉండే మహల్. 1885లో కట్టిన దీపస్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. విడిగా వెళ్లి ఈ మూడు దీవులనూ చూడాలంటే ఎంత తంటా పడాలో లెక్కేస్తే ఈ ప్యాకేజీ విలువ తెలుస్తుంది. చిక్కల్లా తేదీలతోనే. ఓడ ఎప్పుడు కదులుతుందో మీరు నిర్ణయించలేరు. ఈ ఓడలు పర్యాటకుల కోసం పుట్టినవి కావు. కొచ్చి ఆసుపత్రులకు వెళ్లే రోగులు, చదువులకు వెళ్లే పిల్లలు, పెళ్లిళ్లకు వెళ్లే బంధువులు అందరికీ ఇవే దిక్కు. కార్యక్రమం మారితే మారిందే.

రెండోది ప్రైవేటు ఏజెంటు. అగత్తి, బంగారం, తిన్నకర, కద్‌మత్ వంటి చోట్ల బస, విమానం, పడవ, అనుమతి అన్నీ కలిపి ధర చెబుతారు. సౌకర్యంగానే ఉంటుంది. కానీ డబ్బు మొత్తం కట్టే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి. అనుమతి ఏ దీవి పేరున వస్తుంది? అనుమతి రాకపోతే ఎంత వెనక్కిస్తారు? అనుమతి లక్షద్వీప్ అంతటికీ కలిపి ఇచ్చేది కాదు, అందులో రాసిన దీవికే, రాసిన తేదీలకే చెల్లుతుంది. అగత్తి పేరున తీసుకుని అక్కడ దిగాక, 'ఎలాగూ వచ్చాం కదా, కవరత్తి కూడా చూసి వద్దాం' అంటే కుదరదు. వాట్సాప్‌లో 'అనుమతి గ్యారంటీ' అని రాసేవాళ్ల మాట నమ్మకండి. అనుమతి ఇచ్చేది లక్షద్వీప్ పరిపాలన యంత్రాంగం, ఏజెంటు కాదు.

మూడోది మీ అంతట మీరే దరఖాస్తు చేసుకోవడం. ఆన్‌లైన్‌లో ఈ-పర్మిట్ పోర్టల్ ఉంది. ఫోటో, గుర్తింపు కార్డు, ఏ దీవి, ఎన్నాళ్లు, ఎక్కడ బస అన్న వివరాలు కావాలి. దరఖాస్తుకు 50 రూపాయలు, పెద్దలకు వారసత్వ రుసుము 200 రూపాయలు. డబ్బు సంగతి ఇంతే. తిప్పలు పెట్టేవి మిగిలిన రెండు: అక్కడ మీకు పూచీ ఉండే స్థానికుడు లేదా హోమ్‌స్టే, ఇక్కడ మీ మీద కేసులేవీ లేవని పోలీసులిచ్చే ధ్రువపత్రం. పాస్‌పోర్టు కార్యాలయం విదేశాలకు వెళ్లేవారికి ఇచ్చే ధ్రువపత్రం వేరు, ఇది వేరు. ఇది మీ నివాసం ఏ పోలీసు కమిషనరేటు కిందికి వస్తే అక్కడ తీసుకోవాలి. హైదరాబాదులో అందరూ హైదరాబాదు కమిషనరేటు కిందికి రారు. మియాపూర్‌లో అద్దెకుంటూ ఆధార్‌లో నల్లకుంట చిరునామా పెట్టుకున్నవాళ్లు ముందు ఆ చిక్కుముడి విప్పుకోవాలి. ఠాణా నుంచి విచారణకు మనిషి వస్తే ఇంట్లో తాళం ఉండకూడదు. ఇదంతా కలిపి కనీసం నెల, నెలన్నర ముందు మొదలుపెట్టాలని నేను చెబుతాను.

పేరు ఒక పెద్ద చిక్కు, అదీ మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో చివరికి చేరుతుంది. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరు ఒక కార్డులో, అత్తింటి పేరు ఇంకో కార్డులో ఉంటుంది. మామూలు విమాన ప్రయాణంలో చాలామటుకు నెట్టుకొస్తాం. ఇక్కడ అనుమతి పత్రం, టికెట్, చూపించే కార్డు మూడింటిలోనూ ఒకే పేరు ఉండాలి. ఒక కార్డును ఎంచుకుని, అందులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా మూడుచోట్లా రాయండి. పిల్లలకూ అంతే.

చేరే దారి సంగతి. లక్షద్వీప్‌లో విమానాశ్రయం ఉన్నది ఒక్క అగత్తిలోనే, దాని రన్‌వే 1,200 మీటర్లకు కాస్త ఎక్కువ. చిన్న ఏటీఆర్ విమానాలే దిగగలవు. కొచ్చి నుంచి చాలాకాలంగా సర్వీసు ఉంది, 2024లో బెంగళూరు, గోవాల నుంచి కూడా మొదలైంది. సీట్లు తక్కువ కాబట్టి సెలవుల్లో ధర ఎక్కడికో పోతుంది. హైదరాబాదు నుంచి కొచ్చికి గంటన్నర విమానం. తీరిక ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఏది ఎక్కినా కొచ్చిలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. నెడుంబస్సేరిలో ఉన్న కొచ్చి విమానాశ్రయం నుంచి విల్లింగ్డన్ ఐలండ్ దగ్గరేమీ కాదు, ఎర్నాకుళం ట్రాఫిక్ మన అమీర్‌పేటకు ఏమాత్రం తీసిపోదు.

ఓడలో కొచ్చి నుంచి దీవిని బట్టి 14 నుంచి 20 గంటలు. పెద్ద ఓడ ఎం.వి. కవరత్తిలో 700 మంది పడతారు. మొదటి తరగతిలో ఇద్దరికి ఒక క్యాబిన్, రెండో తరగతిలో నలుగురికి ఒకటి. ఓడ కదిలే గంట ముందే వాంతుల మాత్ర వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు.

పెద్దవాళ్లను తీసుకెళ్లే ముందు ఒక దృశ్యం ఊహించుకోండి. చాలాచోట్ల ఓడ ఒడ్డుకు రాదు. పగడపు దిబ్బ లోపలి మడుగు లోతు తక్కువ కాబట్టి బయటే ఆగుతుంది. ఓడ పక్క తలుపు తెరుస్తారు. కింద ఒక చిన్న పడవ అలలకు పైకీ కిందికీ ఊగుతుంటుంది. ఓడలో ఇద్దరు, పడవలో ఇద్దరు నావికులు నిలబడతారు. పడవ అల మీద పైకి లేచిన క్షణంలో ఓడలోవాళ్లు భుజం వదులుతారు, పడవలోవాళ్లు రెండు చేతులూ పట్టుకుని లాగుతారు. అడుగు వేయడానికి తటపటాయిస్తే పడవ మళ్లీ మూడడుగులు కిందికి పోతుంది. కుర్రాళ్లకు సరదా. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, చేతిసంచి ఇంకో చేత్తో పట్టుకునే అమ్మకు అది గండమే. సామాను వీపుకు తగిలించుకునే సంచిలో ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఈ పని చేయలేనివాళ్లు ఉంటే ఓడ ఆలోచన మాని అగత్తికి విమానంలో వెళ్లి అక్కడే ఉండండి, లేదా అండమాన్‌కు మారండి.

తిండి గురించి రెండు మాటలు. ట్యూనా చేప, కొబ్బరి పుష్కలం. శాకాహారులకు అన్నం, పప్పు, ఏదో ఒక కూర దొరుకుతాయి కానీ రకాలు ఎంచుకునే వీలుండదు. పొడులు, పచ్చళ్లు, పిల్లలకు జంతికలు సర్దుకోవడం మన అలవాటే, ఇక్కడ ఆ అలవాటు అక్కరకు వస్తుంది. మద్యం బంగారం దీవిలో తప్ప ఎక్కడా లేదు. ఊళ్లలో తిరిగేటప్పుడు ఒంటి నిండా బట్టలుండాలి. ఏటీఎంలు తక్కువ, నగదు వెంట ఉండాలి.

ఇంట్లో విదేశీ పాస్‌పోర్టు ఉంటే

హైదరాబాదులో ఈ భాగం చాలా ఇళ్లకు వర్తిస్తుంది. డాలస్ నుంచి కూతురు, అల్లుడు, అక్కడే పుట్టిన మనవలు డిసెంబరులో వస్తారు, అందరం కలిసి దీవికి వెళ్దామంటారు. మనవలది అమెరికా పాస్‌పోర్టు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా, మనవాళ్లతో సమానమే అనుకుంటారు. కాదు. నిషేధిత, పరిమిత ప్రాంతాలకు ఓసీఐ కార్డు ఉన్నవారూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ స్పష్టంగా చెప్పింది. లక్షద్వీప్ ఆ కోవలోకే వస్తుంది, పైగా విదేశీయులను కొన్ని దీవుల్లోకే రానిస్తారు. అండమాన్‌లో చాలా దీవులకు విదేశీయుల ప్రత్యేక అనుమతి నిబంధనను 2018లో సడలించారు, అయినా దిగాక నమోదు వంటి లాంఛనాలుంటాయి. కాబట్టి ఇలాంటి బృందానికి లక్షద్వీప్ పెట్టుకోవద్దు. మూడు వారాల సెలవులో అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఎవరికీ సరదా కాదు. అండమాన్ లేదా మాల్దీవులు చూసుకోండి. విచిత్రంగా ఈ ఒక్క సందర్భంలో మాల్దీవులే అన్నిటికంటే సులువు, మన పాస్‌పోర్టుకైనా అమెరికా పాస్‌పోర్టుకైనా అక్కడ ఇంచుమించు ఒకే పద్ధతి.

ఏ నెలలో

మన బడుల సెలవుల క్యాలెండరుకూ సముద్రానికీ పొత్తు కుదరదు. వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు వారంలో మొదలవుతాయి, లక్షద్వీప్‌లో మే సగం దాటితే సముద్రం అల్లకల్లోలమవుతుంది, సెప్టెంబరు దాకా అంతే. అంటే పిల్లలున్న ఇళ్లకు వేసవిలో చిక్కేది మూడు వారాలే. ఆ వారాలకు టికెట్లు ఎప్పుడో అయిపోతాయి. దసరాకు లక్షద్వీప్ తెరిపిన పడుతుంటుంది, అండమాన్‌లో అప్పటికి వానలు పూర్తిగా వెనకబట్టవు. సంక్రాంతి అన్నిచోట్లా మంచి కాలం, కాబట్టి అన్నిచోట్లా ధరలు మండిపోతాయి. పిల్లల బడి గొడవ లేనివాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకోవాలి. నీళ్లు తేటగా ఉంటాయి, జనం పలచగా ఉంటారు.

మాల్దీవులు: మూడు కాగితాలు, నాలుగు రోజులు

భారతీయులకు పర్యాటక వీసా దిగాక ఉచితం. పాస్‌పోర్టు, తిరుగు టికెట్, బస ఖరారైన కాగితం ఉండాలి. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఇముగా అనే ఆన్‌లైన్ పత్రం నింపాలి, దానికి రుసుము లేదు. రుసుము అడిగే సైటు కనిపిస్తే అది నకిలీ. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉంటే ఏ పేచీ ఉండదు. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా పదేళ్లది కాదు, అయిదేళ్లదే. అమ్మానాన్నలది ఇంకా నడుస్తుంటుంది, పిల్లవాడిది ఎప్పుడో ముగిసి ఉంటుంది. టికెట్ కొనే ముందు బీరువా తెరిచి చూసుకోండి.

ఇక్కడ మోసపోయేది రిసార్టుకు చేర్చే రవాణా దగ్గర. మాలే విమానాశ్రయం నుంచి రిసార్టుకు స్పీడ్‌బోటో, సీప్లేనో మీరే కట్టుకోవాలి, కొన్నిసార్లు అది హైదరాబాదు నుంచి విమానం ఖర్చును మించిపోతుంది. సీప్లేన్ పగటి వెలుతురులోనే ఎగురుతుంది. సాయంత్రం దిగే టికెట్ చవగ్గా దొరికిందని తీసుకుంటే ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరి హుల్హుమాలేలో వేరే గది తీసుకోక తప్పదు. చవకలో వెళ్లాలంటే జనం నివసించే దీవుల్లో గెస్ట్‌హౌసులున్నాయి. అక్కడ మద్యం ఉండదు, ఈత దుస్తులకు కేటాయించిన బీచ్ వేరుగా ఉంటుంది, శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు నడవవు.

సామాన్లలో ఒక జాగ్రత్త. పూజా విగ్రహాలు, మద్యం ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. చేతిసంచిలో చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం లేనిదే ఇల్లు కదలనివాళ్లు మనలో చాలామంది. దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

నన్నడిగితే

తాతయ్య, నానమ్మ, చిన్నపిల్లలు కలిసి వెళ్తుంటే అండమాన్, అందులోనూ శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్ రెండే, కనీసం ఆరు రోజులు. అయిదు దీవులు అయిదు రోజుల్లో చూపిస్తామనే ప్యాకేజీలో మీరు చూసేది పడవల రేవులే. కొత్తగా పెళ్లయిన జంటకు చేతిలో నాలుగు రోజులే ఉండి, పాస్‌పోర్టులు సిద్ధంగా ఉంటే మాల్దీవులు. ఖర్చుకు జంకితే వాళ్లకూ అండమానే. ఒంట్లో సత్తువ ఉన్న నలుగురు స్నేహితులు, రెండు నెలల ముందే తేదీలు అనుకోగలిగితే, తేదీ మారినా కొంపలు మునగవనుకునేవాళ్లయితే లక్షద్వీప్, అదీ ఓడలో. మూడింటిలో మనసుకు ఎక్కువ నచ్చేది నాకు అదే. అందుకే దాన్ని ఎవరికిపడితే వాళ్లకు చెప్పను.

లక్షద్వీప్ అనుమతి ప్రయాణానికి పది రోజుల ముందు కూడా రాకపోతే ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. హైదరాబాదు నుంచి కొచ్చికి తీసుకునే టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే రకం తీసుకోండి. లేదా కొచ్చి దాకా వెళ్లి అలెప్పీ, మున్నార్ తిరిగి వచ్చేలా రెండో ఏర్పాటు మనసులో పెట్టుకోండి. అనుమతి వచ్చాక దాని ముద్రిత ప్రతులు మనిషికి మూడు చొప్పున ఉంచుకోండి. విమానాశ్రయంలోనో ఓడరేవులోనో ఒకటి చూపించాలి, దిగాక దీవి పోలీసు స్టేషనులో ఒకటి ఇవ్వాలి, మిగిలింది మీ దగ్గర ఉంటుంది. ఫోనులో ఉంది కదా అనుకోకండి. అలల మధ్య పడవ మారేటప్పుడు ఫోను తడిసిన సందర్భాలు బోలెడు. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో పగడపు ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. ఒడ్డున పడి ఉన్నదే అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమే. పిల్లలు జేబుల్లో వేసుకుంటారు, విమానాశ్రయానికి బయలుదేరే ముందు వాళ్ల జేబులు దులపండి.